ఐదు వేళ్ళు, నాలుగు సందులు

ఇరవై ఎనిమిది జవాబు పత్రాల్లోనూ ఒక చెయ్యి ఉంది. లెక్క పక్కన ఖాళీ జాగాలో పెన్సిలుతో గీసిన చిన్న చెయ్యి, ఐదు వేళ్ళూ విప్పుకుని. కొందరి చెయ్యి బొద్దుగా ఉంది, కొందరిది దువ్వెనలా ఉంది, ఒకమ్మాయి అయితే తీరిగ్గా గాజులు కూడా తొడిగింది. ఆ చేతి పక్కన అందరూ రాసిన జవాబు ఒకటే, పదమూడు. అది తప్పు.

"చూశారా మీ బల్లల మహత్యం," అంటూ పెద్దమేడం ఆ కట్టని నా ముందుకు తోశారు. పెద్దమేడం అంటే మా బడి హెడ్‌మిస్ట్రెస్. నేను ఆరో తరగతికి లెక్కలు చెబుతాను. సంవత్సరాంతం పరీక్ష పేపర్లు వేరే బడిలో దిద్దుతారు. దిద్దినవాళ్ళు కట్ట పైన ఎర్ర సిరాతో రాసి పంపారు: సామూహిక కాపీ, చెయ్యి బొమ్మ ఒక సంకేతం కావచ్చు, ఉపాధ్యాయురాలి పాత్ర మీద విచారణ జరగాలి.

లెక్క చిన్నదే. ఇరవై మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న స్థలం చుట్టూ కంచె వేయాలి, ఐదు మీటర్లకొక స్తంభం పాతాలి, ఎన్ని కావాలి అని. చుట్టుకొలత అరవై, కాబట్టి పన్నెండు చాలు. మావాళ్ళు మూకుమ్మడిగా పదమూడోది కూడా పాతేశారు.

ఆ చెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. అంతకుముందు మా తరగతి సంగతి చెప్పాలి. నేను వచ్చిన కొత్తలో పిల్లలు వరసల్లో కూచునేవారు. ముందు వరస జవాబులు చెప్పేది, వెనక వరస గోడకి జారబడి కునికేది, మధ్య వరస ఎటూ కాకుండా నా మొహంలోకి చూసేది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అరిచి అరిచి గొంతు పోయాక ఒకరోజు బెంచీలన్నీ జరిపించి నలుగురికొక బల్ల వేయించాను. పెట్టింది రెండే నియమాలు. నలుగురికీ వచ్చేదాకా ఏ బల్లా "అయిపోయింది" అనకూడదు, ఎందుకంటే ఆ నలుగురిలో ఎవరినైనా లేపి అడుగుతాను. రెండోది, ఎవరి బుర్రలో తట్టినా అది బల్ల మాటే. ఎవరు చెప్పారని నేను అడగను, వాళ్ళు చెప్పరు. తప్పయినా సరే.

చలికాలంలో నాకు జ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. డ్రిల్లు మాస్టారు పిల్లల్ని అల్లరి చేయకుండా చూస్తూ కూచున్నారు, అంతే. ఆ వారంలో రోడ్డు పక్కన చెట్లు నాటే లెక్క ఒకటి మా వకీలుకి కొరుకుడు పడిందని నేను అడక్కుండానే నా చెవిన పడింది. వకీలు అంటే పదకొండేళ్ళవాడు, ప్రతిదానికీ వాదిస్తాడని ఆ పేరు. వాడు చెయ్యి చూపించి, వేళ్ళు ఐదు, సందులు నాలుగు, కాబట్టి సందుల కన్నా చెట్టు ఒకటి ఎక్కువుండాలి అన్నాడు. ఆ చెయ్యి ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పాకి, నేను తిరిగొచ్చేసరికి తరగతంతా చేతులు గీస్తోంది. నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను. రోడ్డుకి సరిపోయే చెయ్యి చుట్టూ తిరిగొచ్చే కంచెకి సరిపోదని చెప్పే పాఠం ఇంకా మొదలుపెట్టకముందే పరీక్ష వచ్చేసింది.

"రేపే విచారణ, పై నుంచి అధికారి వస్తారు," అన్నారు పెద్దమేడం. "అందర్నీ కాదు, ఓ ఏడుగురిని పిలిచి అడుగుతారట. నిజమని తేలితే తరగతి మొత్తం తప్పినట్టే. మీ అక్క సంగతి తెలుసుగా."

తెలుసు. అక్క అంటే మా తరగతిలో అందరికన్నా పొడుగైన పిల్ల. కిందటేడు ఇదే తరగతి తప్పి మళ్ళీ చదువుతోంది. మొదట్లో వెక్కిరించడానికే అక్కా అని పిలిచారు, పోనుపోను నిజంగానే అందరికీ అక్క అయి కూచుంది. దానికి ఏదైనా అర్థం కావడానికి టైము పడుతుంది. అర్థమైందా, పక్కవాడికి కూడా ఎక్కేదాకా వాడి చొక్కా వదలదు. మా దగ్గర ఒకే తరగతి రెండుసార్లు తప్పితే బడిలోంచి పేరు కొట్టేస్తారు. మిగతావాళ్ళకి పోయేది ఒక ఏడాది, అక్కకి పోయేది బడే.

"పొద్దున్నే ఆ పిల్లల్ని రప్పించండి," అన్నారు పెద్దమేడం గొంతు తగ్గించి. "లెక్క సరిగ్గా నేర్పేయండి. ఆయన అడగ్గానే టకటకా చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది."

నా నాలిక చివరిదాకా సరే వచ్చింది. అంతలో ఇంకో సంగతి తట్టింది. "ఇవాళ ఇంత బాగా చెప్పేవాళ్ళు ఆవేళ అంత తప్పు ఎలా రాశారంటే ఏం చెబుతామండి? చూసి రాశారనే కదా అర్థం. తప్పు వాళ్ళ బుర్రలోనే ఉందని తెలియాలంటే ఆయన ముందు మళ్ళీ తప్పే చేయాలి."

"అయితే ఆ చెయ్యి ఎవడు మొదలెట్టాడో చెప్పండి. వాడొక్కడి మీద పెట్టేస్తే మిగతావాళ్ళు బయటపడతారు."

"నేను అడగలేదండి."

"అడగలేదా, తెలీదా?"

"అడగలేదు," అన్నాను మళ్ళీ. పెద్దమేడం తల పట్టుకున్నారు. పిల్లలు తప్పు చేయాలని కోరుకుంటూ ఇంటికెళ్ళిన లెక్కల టీచర్ని నేనొక్కదాన్నే అయుంటాను. నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు సెలవుల బడి బావురుమంటోంది. వరండాలో పొడుగు బెంచీ మీద ఏడుగురూ వరసగా కూచున్నారు, మాట్లాడకుండా డ్రిల్లు మాస్టారు కాపలా. పెద్దమేడం గదిలో చదరపు బల్ల. ఒక వైపు అధికారి, ఆయనకెదురుగా నేను, మూడో వైపు పెద్దమేడం. నాలుగో వైపు పిల్లల కోసం ఖాళీ కుర్చీ.

అధికారి ఇస్త్రీ మడత నలగని మనిషి. కసురుకోలేదు, కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది. "మీరు మాట్లాడకూడదు," అన్నారు నాతో. "తల ఊపకూడదు. మీ చేతులు బల్ల మీద నాకు కనబడాలి."

పెట్టాను. ఆయన వాటి వంక చూశారు. "వేళ్ళు ముడవండి."

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, దొంగతనం చేసి దొరికినట్టు రెండు పిడికిళ్ళూ బల్ల మీద పెట్టుకుని కూచున్నాను.

మొదట వచ్చింది గాజులు గీసిన అమ్మాయి. ఆయన కొత్త లెక్క ఇచ్చారు. గుండ్రటి చెరువు, చుట్టూ నలభై మీటర్లు, ఐదు మీటర్లకొక దీపస్తంభం. పిల్ల ఎనిమిది అని భాగించింది, వెంటనే చెయ్యి గీసింది, గాజులు మర్చిపోలేదు, ఒకటి కలిపి తొమ్మిది రాసింది.

"ఒకటెందుకు కలిపావు?"

"వేళ్ళు ఐదండి, సందులు నాలుగు. స్తంభం ఒకటి ఎక్కువుండాలి."

"ఎవరు నేర్పారు?"

"మా బల్లండి."

"బల్ల మాట్లాడుతుందా?"

"మాట్లాడుతుందండి," అంది ఆ పిల్ల ఆశ్చర్యంగా. "ఒక్కోసారి మరీ ఎక్కువగా మాట్లాడితే టీచరు తిడతారు."

నాకు నవ్వొచ్చింది, మింగేశాను. ఆయన నవ్వలేదు. రెండోవాడు వచ్చాడు, చెయ్యి, తొమ్మిది, మా బల్ల. మూడో అమ్మాయి, చెయ్యి, తొమ్మిది, మా బల్ల. నాలుగు, ఐదు. అందరూ తప్పే చేశారు, నేను కోరుకున్నట్టే. నా ప్రాణం కుదుటపడాలి కదా. కానీ ఆయన మొహం ఒక్కొక్కరితో ఇంకా బిగుసుకుపోతోంది.

"ఒకటే మాట, ఒకటే బొమ్మ, ఒకటే తప్పు," అన్నారు పెద్దమేడంతో. "ఎవరు చెప్పారంటే ఒక్కరూ నోరు విప్పరు. బాగా తయారు చేసి పంపారండి."

వాళ్ళని నేను తయారు చేసే ఉంటే ఒప్పు నేర్పి పంపేదాన్ని కదా అని అరవాలనిపించింది. పళ్ళు బిగించి పిడికిళ్ళ వంక చూస్తూ ఉండిపోయాను. వాళ్ళు నోరు విప్పకపోవడం నేను నేర్పిందే. ఏడాదంతా దేన్ని చూసి మురిసిపోయానో అదే ఇప్పుడు వాళ్ళ మెడకి చుట్టుకుంది.

ఆరోవాడు వకీలు. కుర్చీలో కూచుంటూనే వాడి కింది పెదవి వణకడం చూశాను. వద్దురా అని కళ్ళతోనైనా చెప్పాలనుకుంటే అధికారి నా వంకే చూస్తున్నారు.

"ఆ చెయ్యి నాదేనండి," అన్నాడు వాడు, లెక్క ఇవ్వకముందే. "నేనే చూపించాను. వాళ్ళకేం తెలీదు."

పెద్దమేడం హమ్మయ్య అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలారు. అధికారి కలం తీశారు. "చూపించావా?"

"చూపించానండి. క్లాసులో. టీచరుకి జ్వరమొచ్చినప్పుడు..."

"చూపించానన్నావు. ఐదు వేళ్ళూ చూపించావు."

"అవునండి, కానీ పరీక్షలో కాదు, అంతకు ముందెప్పుడో..."

"అడిగినదానికి చెప్పావు, చాలు. వెళ్ళు."

తలుపు దగ్గర ఆగి నావంక చూశాడు. నాతో కూడా వాదించి నెగ్గేవాడు ఒక్క ముక్క మాట్లాడలేక చొక్కా చేతితో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు ఆయన్ని అక్కడికక్కడ కడిగేయాలనిపించింది. కడిగితే ఏమవుతుందో తెలుసు కాబట్టి కుక్కిన పేనులా పడి ఉన్నాను. ఆయన కాగితం మీద రాసుకుపోతున్నారు. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. పరీక్ష రద్దుకు సిఫారసు చేయడమైనది, అని ఉంది. కింద సంతకానికి జాగా వదిలారు.

"ఇంకొకరున్నారు," అన్నారు పెద్దమేడం నీరసంగా.

అక్క వచ్చింది. కుర్చీ దానికి చిన్నదైంది, మోకాళ్ళు బల్లకి తగులుతున్నాయి. లెక్క చదివింది. మళ్ళీ చదివింది. భాగించి ఎనిమిది రాసింది. చెయ్యి గీయడం మొదలుపెట్టింది, బొటనవేలు, చూపుడువేలు, అక్కడ ఆగిపోయింది. అధికారి గడియారం చూసుకున్నారు. పెద్దమేడం గొంతు సవరించుకున్నారు. అక్క పెన్సిలు కొరుకుతూ కూచుంది. కానీయవే తల్లీ, ఆ తొమ్మిదేదో రాసేయ్ అని లోపల్లోపల మొత్తుకున్నాను.

అది తలెత్తి ఆయన్ని చూసింది. తర్వాత పెద్దమేడాన్ని. తర్వాత నన్ను. తర్వాత తన ఒళ్ళోకి చూసుకుంది. బల్ల మూలల వంక చూసింది, ఒకటొకటిగా, పెదాలు కదుపుతూ. ఇంకోసారి మొదటినుంచీ అదే చేసింది. గీసిన రెండు వేళ్ళనీ రబ్బరుతో చెరిపేసి, ఎనిమిది కింద రెండు గీతలు గీసి కాగితం ఇచ్చేసింది.

అధికారి కట్టలోంచి దాని పరీక్ష పేపరు తీసి పక్కన పెట్టారు. "ఇవాళ సరిగ్గా చేశావు. ఆవేళ చెయ్యి గీసి తప్పు రాశావు. అంటే నీకు లెక్క వచ్చు, ఆవేళ పక్కవాళ్ళని చూసి రాశావు. అవునా?"

ఏ వల గురించి నిన్న భయపడ్డానో దాని మధ్యలోకే అక్క నడుచుకుంటూ వెళ్ళింది.

"కాదండి," అంది అక్క. "ఆవేళ రాలేదు. ఇప్పుడే వచ్చింది."

"ఇప్పుడా?"

"మన నలుగురం ఉన్నాం కదండీ. మీకూ పెద్దమేడానికీ మధ్య ఒక సందు. పెద్దమేడానికీ టీచరుకీ మధ్య ఒకటి. టీచరుకీ నాకూ, నాకూ మీకూ. నాలుగే. బయట బెంచీ మీదయితే నలుగురం కూచుంటే మూడే ఉంటాయి. చెయ్యి బెంచీ లాంటిదండి. చెరువు బల్ల లాంటిది." కాస్త ఆగి, "మేమేమో ఏడాదంతా బల్ల చుట్టూనే కూచుని కూడా చూసుకోలేదు," అంది.

ఆయన కలం కొస గాల్లో చిన్నగా కదిలింది. ఆయన నుంచి పెద్దమేడానికి, ఆవిడ నుంచి నాకు. లెక్కపెడుతున్నారని నాకర్థమైంది. లెక్క అయ్యాక కలం దించి, ఇందాకటి కన్నా మెత్తగా మాట్లాడారు.

"చూడమ్మా. నీ సంగతి వేరు. నీకు అర్థమైంది, అది నేను కళ్ళారా చూశాను. నీ పేరు ఈ కేసులోంచి తీసేస్తాను. నువ్వు పాసు. మిగతావాళ్ళ సంగతి నేను చూసుకుంటాను."

"ఒప్పుకోవే," అన్నారు పెద్దమేడం ఆత్రంగా. "లేకపోతే నీ పేరు కొట్టేయాల్సొస్తుంది. తెలుసుగా."

తెలుసు దానికి. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేను కూడా ఒప్పుకోవే అనే అనుకున్నాను. నా నియమాలూ నా బల్లలూ గంగలో కలిసినా సరే, ఈ పిల్ల బడిలో ఉంటే చాలనుకున్నాను.

"నాకొక్కదానికే వస్తే అయిపోయినట్టు కాదండి," అంది అక్క.

"ఏమిటి అయిపోయేది?"

"లెక్కండి. అందరికీ రావాలి." లేచి నిలబడింది. తలుపు వైపు అడుగేసింది. "బయట వాళ్ళింకా తొమ్మిదే అనుకుంటున్నారు. చెప్పొస్తానండి."

పెద్దమేడం, "ఏయ్, కూచో," అన్నారు. అధికారి చెయ్యి అడ్డంగా ఎత్తి ఆపారు. అక్కని పైనుంచి కిందిదాకా చూశారు.

"వెళ్ళు," అన్నారు. నా వైపు తిరిగి, "మీరు కదలకండి."

కదల్లేదు. కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. ఆయన లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడి, మాస్టారిని ఊరుకోమని సైగ చేశారు. అక్క చెప్పడం మొదలెట్టగానే వకీలు అడ్డం తగిలాడు. ఇందాక ఏడ్చిన ముక్కు ఇంకా ఎర్రగానే ఉంది, వాదన మాత్రం మానలేదు.

"మొదట ఒక స్తంభం ఉండాలి కదే అక్కా. అది లేకుండా కంచె దేనికి కడతావు?"

అక్క మిగతా ఆరుగురినీ బెంచీ మీంచి లేపి చెయ్యీ చెయ్యీ పట్టించి వరసలో నిలబెట్టింది, తనతో సహా. "పట్టుకున్న చేతులు ఎన్ని జతలో లెక్కపెట్టు."

"ఆరు. మనుషులం ఏడుగురం. నేను చెప్పిందేగా."

"ఇప్పుడు నీ రెండో చెయ్యి ఇలా తే." వరస ఒక కొసన వకీలు, ఇంకో కొసన గాజుల అమ్మాయి. అక్క వరసని వంచుకుంటూ వచ్చి, వాడి ఖాళీ చేతిని ఆ పిల్ల ఖాళీ చేతిలో పెట్టింది. "ఇప్పుడు లెక్కపెట్టు."

వకీలు లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాడు. నోరు తెరిచి మూశాడు. వాడికి మాట రాకపోవడం ఆరోజుకి అది రెండోసారి, కానీ ఇది వేరు. తన చేతి వంకే చూసుకుంటూ, "ఒరేయ్," అన్నాడు మెల్లగా. "పదమూడో స్తంభం మొదటిదాని నెత్తిన పాతాలిరా. జాగా లేదు."

గుండ్రంగా నిలబడ్డవాళ్ళలో ఒకడు పకపకా నవ్వాడు. ఇంకొక అమ్మాయి ఇంకా అర్థం కాలేదంది. అంతే, వకీలే ఆ పిల్ల వైపు తిరిగి మొదటినుంచీ చెప్పసాగాడు, తను మొదటినుంచీ అదే వాదిస్తున్నట్టు. అక్క పక్కన నిలబడి, ఆ పిల్ల తలూపినా వదలకుండా, "ఏదీ, నువ్వు చెప్పు," అంటోంది.

అధికారి చాలాసేపు కిటికీ దగ్గరే ఉన్నారు. ఆయన వీపు తప్ప మొహం కనబడటం లేదు. తిరిగొచ్చి కూచుని, రాసిన కాగితం ముందుకు లాక్కుని, సిఫారసు వాక్యాన్ని అడ్డంగా కొట్టేశారు. కింద నెమ్మదిగా రాశారు, నేను తలకిందులుగా చదువుకున్నాను. కాపీ జరగలేదు. తప్పును కలిసి నేర్చుకున్నారు. ఆ ప్రశ్నకు ఎవరికీ మార్కులు ఇవ్వరాదు. మిగతా ఫలితాలు యథాతథం.

పెద్దమేడం గబగబా కట్ట తిరగేసి అక్క పేపరు వెతికారు. ఆ ప్రశ్న మార్కులు ఎలాగూ లేవు, మిగతా వాటితోనే బొటాబొటిగా గట్టెక్కింది. "బతికింది," అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. నా కళ్ళు తుడుచుకోవడానికి నాకు చేతులు ఖాళీ లేవు.

ఆయన సంతకం చేసి కలం జేబులో పెట్టుకుని లేచారు. బయట ఇంకా వకీలు గొంతు వినిపిస్తోంది. అటు వింటూ నా వైపు తిరిగారు.

"రాయనులెండి, ఊరికే అడుగుతున్నాను. ఆ చెయ్యి మొదలెట్టింది నిజంగా ఆ కుర్రాడేనా?"

వేళ్ళు విప్పాను. ఇంతసేపూ ముడుచుకుని ఉండటం వల్ల ఒక్కొక్కటే నొప్పిగా విచ్చుకుంది.

"మా బల్లండి," అన్నాను.